పాపప్‌తో సరిపెట్టుకుందామా, పెద్ద క్యాంపర్‌కి మారదామా?

ఐదేళ్ళపాటు మాకు ఒక పాపప్ క్యాంపర్ ఉండేది. అంటే బండి వెనక లాక్కెళ్ళి, ఆగినచోట తెరుచుకుని పడుకునే గుడ్డ గోడల మడత ట్రైలర్. శుక్రవారం పిల్లలు బడి నుంచి రాగానే టెక్సస్‌లోని ఫ్రిస్కోలో బయలుదేరితే, చీకటి పడేలోపు రే రాబర్ట్స్ లేక్ ఒడ్డున కప్పు పైకి లేపి మంచాలు బయటికి లాగేసేవాళ్ళం. మా నలుగురికీ అది ఎప్పుడూ ఇరుకనిపించలేదు.

కిందటేడు అక్టోబరులో అమ్మానాన్న గుంటూరు నుంచి ఆరు నెలలు ఉండేలా వచ్చారు. వాళ్ళని టైలర్ స్టేట్ పార్కుకి తీసుకెళ్ళాం. పాపప్‌లో మంచం దాదాపు నడుమెత్తు ఉంటుంది. అర్ధరాత్రి రెండింటికి అమ్మ ఆ మంచం దిగడానికి నన్ను లేపింది. ఇద్దరం టార్చి పట్టుకుని, చలిలో రెస్ట్‌రూమ్ దాకా నడిచి వెళ్ళొచ్చాం. మళ్ళీ నాలుగింటికి ఇంకోసారి. "ఈసారి మీరెళ్ళి రండమ్మా, మేం ఇంట్లో ఉంటాంలే" అంది పొద్దున్నే. ఆ మాట నాకు చాలా కష్టంగా అనిపించింది. పెద్ద క్యాంపర్ సంగతి అప్పుడే మొదలుపెట్టాం.

మా ముందున్న దారులు నాలుగు. పాపప్‌నే ఉంచుకోవడం. బంక్ బెడ్లు, బాత్రూమ్, సోఫా అన్నీ ఉన్న గట్టి గోడల 28 అడుగుల ట్రావెల్ ట్రైలర్ కొనడం. అదే రకంలో 21, 22 అడుగుల చిన్నది కొనడం. లేదా ఏదీ కొనకుండా, కావలసినప్పుడు అద్దెకు తీసుకోవడం.

పాపప్‌ని వదలడం సులువు కాదు, ఎందుకో చెప్తాను. మాది సామానుతో కలిపి 2,600 పౌండ్లు. 3,500 పౌండ్లు లాగగల టొయోటా సియెన్నా మినీవ్యాన్‌కి అది ఇబ్బందే కాదు. మడిచేస్తే బండి వెనక తక్కువ ఎత్తులో ఉంటుంది కాబట్టి అద్దంలో వెనక రోడ్డు కనిపిస్తుంది. పక్కగాలి కొట్టినా ఊగదు. ఏడడుగుల గరాజు తలుపు కింద నుంచి లోపలికి వెళ్ళిపోతుంది. రాత్రి గుడ్డ గోడల అవతల చెట్ల చప్పుడు, గుడ్లగూబ కూత వినపడతాయి. మా చిన్నది నిద్రపోయేముందు ఆ చప్పుళ్ళను ఒక్కొక్కటే లెక్కపెట్టేది.

కష్టమల్లా వానతో, ఎండతో. ఆదివారం వానలో మడిచి తెస్తే, ఒకటి రెండు రోజుల్లో మళ్ళీ తెరిచి ఆరబెట్టకపోతే గుడ్డకి బూజు పడుతుంది. డ్రైవ్‌వేలో తెరిచి ఆరబెట్టినందుకు మా కాలనీ సంఘం నుంచి రెండుసార్లు నోటీసు వచ్చింది. ఇక జూన్ నుంచి సెప్టెంబరు దాకా టెక్సస్ ఎండ 100 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు చేరిందంటే, పైన ఏసీ ఎంత తిరిగినా చల్లదనం గుడ్డలోంచి బయటికే పోతుంది. అంటే మాకు ఏడాదిలో నాలుగు నెలలు పాపప్ లేనట్టే.

28 అడుగులదాన్ని కొనేముందు ఒక వారాంతం అద్దెకు తీసుకున్నాం. దాని యజమానే తెచ్చి, ఇలాంటి క్యాంపర్లు నిలిపే ఒక ప్రైవేటు ఆర్వీ పార్కులో నిలబెట్టి వెళ్ళాడు. అమ్మానాన్నకి తలుపున్న గది, నాలుగడుగుల్లో బాత్రూమ్. పిల్లలకి ఒకళ్ళ మీద ఒకళ్ళు పడుకునే బంకులు. ఆ రాత్రి అమ్మ నన్ను ఒక్కసారి కూడా లేపలేదు. "ఇది ఇల్లే కదరా" అని నాన్న తెగ మెచ్చుకున్నారు. నాకు ఇంకోటి కూడా కనపడింది. ఆ రెండు రోజుల్లో మేం బయట కూర్చున్నది చాలా తక్కువ. సోఫా, టీవీ, చల్లటి గాలి ఉంటే పిల్లలు నీటి ఒడ్డుకి వెళ్ళమని అడగనే లేదు.

అయినా కొనేసేవాళ్ళమే. ఆపింది బరువు లెక్క. కొత్తగా మారేవాళ్ళందరూ ఇది తెలుసుకోవాలని నా కోరిక.

అమ్మేవాళ్ళు అడిగేది ఒకటే: మీ బండి ఎంత లాగుతుంది? మేం చూసిన వాడిన మూడు వరసల పెద్ద ఎస్‌యూవీ దాదాపు 8,000 పౌండ్లు లాగుతుంది. మాకు నచ్చిన 28 అడుగుల ట్రైలర్ సామానుతో 6,000. ఇంకేం, సరిపోయిందనే అనుకున్నాం. కానీ డ్రైవరు వైపు తలుపు తెరిస్తే అంచు మీద పసుపు, తెలుపు రంగుల స్టిక్కరు ఒకటి ఉంటుంది. మనుషులు, సామాను కలిపి ఆ బండి ఎంత మోయగలదో దాని మీద రాసి ఉంటుంది. దాన్నే పేలోడ్ అంటారు. ఆ బండికి 1,550 పౌండ్లు. లాగే శక్తి వేరు, మోసే శక్తి వేరు. ట్రైలర్ ముందు భాగం హిచ్ (ట్రైలర్‌ని బండికి తగిలించే అమరిక) మీద మోపే బరువు కూడా, అంటే టంగ్ వెయిట్ కూడా, ఈ 1,550 లోంచే పోతుంది. అది ట్రైలర్ బరువులో 10 నుంచి 15 శాతం ఉండాలి. అంతకన్నా తగ్గితే ట్రైలర్ హైవే మీద తోకలా ఊగుతుంది.

మా ఆయన కాగితం తీసి రాశారు. మేం ఆరుగురం కలిపి 730 పౌండ్లు. బండిలో పెట్టే సంచులు, ఐస్ పెట్టె 150. బరువు పంచే హిచ్ 100. 6,000 పౌండ్ల ట్రైలర్‌కి 12 శాతం చొప్పున టంగ్ వెయిట్ 720. మొత్తం 1,700. స్టిక్కరు మీద ఉన్నదానికన్నా 150 ఎక్కువ. అమ్మానాన్న కోసమే పెద్దది కొంటూ, వాళ్ళు ఎక్కగానే బండికి భారమయ్యేదాన్ని ఎలా కొంటాం?

అదే చిన్నది, 4,500 పౌండ్ల ట్రైలర్ అయితే టంగ్ వెయిట్ 540. మొత్తం 1,520. హద్దులోనే ఉంది, కానీ అంచున ఉంది. ఇక్కడ 4,500 అంటే సర్దుకున్నాక తూగే బరువు. ట్రైలర్ మీద రాసే డ్రై వెయిట్ అంటే ఫ్యాక్టరీలోంచి వచ్చినప్పటి బరువు. ఒక గ్యాలన్ నీళ్ళు 8 పౌండ్లకు పైనే. 40 గ్యాలన్ల ట్యాంకు నింపుకుని బయలుదేరితే 330 పౌండ్లు దానికే పోతాయి. నిండు గ్యాస్ సిలిండరు 37 పౌండ్లు ఉంటుంది, సాధారణంగా అవి రెండుంటాయి. బ్యాటరీ, గిన్నెలు, దుప్పట్లు, బియ్యం అన్నీ కలిపితే 3,600 పౌండ్ల డ్రై వెయిట్ ఇట్టే 4,500 అవుతుంది. అందుకే మేం నీళ్ళు పార్కుకి వెళ్ళాకే పట్టుకుంటాం.

పొడవు సంగతి కూడా ఇంతే. స్టేట్ పార్కుల్లో చాలా సైట్లలోకి, అంటే క్యాంపర్ నిలిపే చోట్లలోకి, వెనక్కి నడిపే వెళ్ళాలి, 1930లలో వేసిన పాత పార్కుల్లో మలుపులు బిగుతుగా ఉంటాయి. బిగ్ బెండ్ నేషనల్ పార్కులో చీసోస్ బేసిన్‌కి 20 అడుగులు దాటిన ట్రైలర్ తేవద్దంటారు. ఎంచాంటెడ్ రాక్‌లో డేరాలకే చోటు, ఏ ట్రైలరూ వద్దంటారు. అలాగని చిన్నదే ఎప్పుడూ నయమని కూడా కాదు. యెల్లోస్టోన్ ఫిషింగ్ బ్రిడ్జి దగ్గర గ్రిజ్లీ ఎలుగుబంట్ల వల్ల గట్టి గోడలున్నవే రానిస్తారు, పాపప్‌కి ప్రవేశం లేదు. గ్రేట్ స్మోకీ మౌంటెన్స్‌లో చాలా క్యాంపు మైదానాల్లో సైటు దగ్గర కరెంటు ఉండదు. అక్కడ ఏసీ ఉన్న పెద్ద ట్రైలరూ, మన పాపప్పూ ఒకటే.

ఇంటి దగ్గర మాత్రం పాపప్‌దే గెలుపు. పది అడుగులకు పైన ఎత్తున్న ట్రైలర్ గరాజులో పట్టదు, మా కాలనీలో బయట పెట్టనివ్వరు. స్టోరేజీ స్థలానికి మాకు నెలకు 95 డాలర్లు. ఏడాదికి 1,140. కొనే ధర మాట్లాడేటప్పుడు దీన్ని ఎవరూ కలపరు.

వంట గురించి ఒక్క మాట. అద్దెకు తీసుకున్నదాంట్లో లోపల పప్పుకి ఎండుమిర్చి తాలింపు వెయ్యగానే పొగ అలారం మోగి నాన్న ఉలిక్కిపడి లేచారు. ఏ సైజుదైనా మన వంట బయటే, ఆనింగ్ (ట్రైలర్ పక్కకి చాచే గుడ్డ పందిరి) కింద స్టవ్ పెట్టుకునే చెయ్యాలి. కరెంటూ అంతే. 30 ఆంపుల లైన్‌లో 3,600 వాట్లు వస్తాయి. ఏసీ 1,500, మైక్రోవేవ్ ఇంకో 1,500, ఇన్‌స్టంట్ పాట్ 1,000. మూడూ ఒకేసారి పెడితే బ్రేకర్ పడిపోతుంది. అన్నం వండేటప్పుడు మైక్రోవేవ్ జోలికి వెళ్ళకపోతే చాలు.

అద్దె సంగతి త్వరగా చెప్పేస్తాను. మేం చూసినవి రాత్రికి 100 నుంచి 200 డాలర్ల మధ్య, బీమా, తెచ్చిపెట్టే ఖర్చు వేరు. ఏడాదికి నాలుగైదు వారాంతాలే వెళ్ళేవాళ్ళకి ఇంతకన్నా మంచి దారి లేదు. స్టోరేజీ లేదు, టైర్ల బెంగ లేదు. స్టేట్ పార్కుల్లో క్యాబిన్లు కూడా ఉంటాయి, అమ్మానాన్న ఉన్నప్పుడు అవి హాయి. మేం నెలకు రెండుసార్లు వెళ్తాం కాబట్టి మాకు కొనడమే మేలైంది.

మేం 21 అడుగులది, మూడేళ్ళు వాడినది తీసుకున్నాం. పాపప్ అమ్మేశాం, మినీవ్యాన్ ఇచ్చి ఆ ఎస్‌యూవీ తెచ్చుకున్నాం. ఇందులో సోఫా లేదు, అమ్మానాన్న గదికి తలుపు బదులు కర్టెన్ ఉంది. కానీ రాత్రి అమ్మకి మూడడుగుల్లో బాత్రూమ్ ఉంది, జూలైలో కూడా లోపల చల్లగా ఉంటుంది. లోపల చోటు తక్కువ కాబట్టి పగలంతా అందరం బయటే ఉంటాం. నాకు అన్నిటికన్నా నచ్చింది అదే.

నలుగురే ఉండి, పిల్లలు చిన్నవాళ్ళయి, ఇంట్లో మినీవ్యాన్ ఉంటే పాపప్‌ని వదలొద్దంటాను. పెద్దవాళ్ళు ఏడాదిలో కొన్నాళ్ళే వస్తే అప్పటికి అద్దె చాలు. 28 అడుగులది ముందే పికప్ ట్రక్ ఉన్నవాళ్ళకీ, ఒకే చోట వారం రోజులు ఉండేవాళ్ళకీ బాగుంటుంది. కానీ 15, 20 ఏళ్ళ అప్పు ఇస్తామంటారు, దానికి ఒప్పుకోవద్దు. ట్రైలర్ విలువ మొదటి ఏళ్ళలోనే బాగా పడిపోతుంది, అప్పు అంత వేగంగా తగ్గదు.

వాడినది చూడటానికి వెళ్ళేటప్పుడు మీ బండి తలుపు స్టిక్కరు ఫొటో ఫోన్‌లో పెట్టుకెళ్ళండి. మంచం కిందా, అలమారా మూలల్లోనూ గోడని బొటనవేలితో నొక్కి చూడండి, మెత్తగా ఉంటే లోపలికి నీళ్ళు దిగినట్టే. టైరు పక్కన నాలుగంకెల తేదీ ఉంటుంది, చివరి రెండంకెలు సంవత్సరం. గీతలు ఎంత కొత్తగా ఉన్నా, ఐదారేళ్ళు దాటితే టైర్లు మార్చే ఖర్చు ధరలోంచి తగ్గించమని అడగండి. కుదిరితే వానపడ్డ మర్నాడే వెళ్ళండి.