ఈట్ బులగానా, ఇట్స్ షోటైమా?

నేను ఫిలిప్పీన్స్‌లోని దావావ్‌లో మెడిసిన్ చదివి వచ్చేసి చాన్నాళ్లయింది. అయినా అక్కడికి కొత్తగా వెళ్లిన మన జూనియర్ల నుంచి ఈ ప్రశ్న ఆగదు. "అన్నా, మధ్యాహ్నం మెస్‌లో రిమోట్ కోసం రోజూ గొడవే. ఈట్ బులగా బాగుంటుందా, ఇట్స్ షోటైమ్ బాగుంటుందా?" రెండూ అక్కడ మధ్యాహ్నం పూట టీవీలో వచ్చే ఆటపాటల షోలు. కొందరైతే అక్కడి భాష వచ్చేస్తుందని అడుగుతారు. ఆ ఆశ ముందే వదిలేసుకోండి. షోల్లో మాట్లాడేది టాగలాగ్, వార్డులో మీ పేషెంట్ మాట్లాడేది బిసాయా.

పాటలు కావాలంటే మాత్రం షోటైమే. అందులో వాదన అక్కర్లేదు. తావగ్ నాంగ్ తాంఘాలన్ పోటీలో పాట తేలిపోతే మధ్యలోనే గాంగ్ మోగించి దింపేస్తారు. ఆ భయంతోనో ఏమో, నిలబడ్డవాళ్లు ప్రాణం పెట్టి పాడతారు. హోస్ట్ వైస్ గాండా టైమింగ్ గురించి చెప్పక్కర్లేదు, ఎదుటివాడు మాట పూర్తి చేసేలోపే పంచ్ పడిపోతుంది. 2009లో పొద్దుటి షోగా మొదలై 2012లో మధ్యాహ్నానికి మారింది. 2020లో అది వచ్చే ఏబీఎస్-సీబీఎన్‌కి ఫ్రాంచైజీ, అంటే ప్రసారాల అనుమతి, దక్కక ఛానలే మూతపడితే, కొన్నాళ్లకే లేచి, చోటిచ్చిన ప్రతి ఛానల్లోనూ కాపురం పెట్టింది. ఆ మొండితనం నాకు నచ్చుతుంది.

కానీ నేను చూసేది వేరే. షో జనం దగ్గరికి వెళ్తుందా, జనాన్నే తన గేటు దగ్గరికి రప్పించుకుంటుందా? మధ్యాహ్నం షోలో బహుమతి కోసం ఎదురుచూసేవాళ్లలో రెక్కాడితే గాని డొక్కాడనివాళ్లే ఎక్కువ. వాళ్లకి ఆ డబ్బు అంటే కొన్ని నెలల బియ్యం, పిల్లల ఫీజు. అందుకే ఈ తేడా చిన్నది కాదు. వావావీ అని ఏబీఎస్-సీబీఎన్‌లోనే ఇంకో షో ఉండేది, డబ్బులు పంచడంలో దాన్ని మించింది లేదు. 2006 ఫిబ్రవరి 4న దాని మొదటి వార్షికోత్సవానికి పాసిగ్‌లోని స్టేడియం బయట వేలమంది గుమిగూడారు. తొక్కిసలాటలో 70 మందికి పైగా చనిపోయారు. ఆ షో 2010లో ఆగిపోయింది కాబట్టి దాన్ని పోలికలోంచి తీసేద్దాం.

ఈట్ బులగా వేరే దారి పట్టింది. 'హువాన్ ఫర్ ఆల్, ఆల్ ఫర్ హువాన్' అనే భాగంలో హోస్టులే ఏదో ఒక పేటకి వెళ్తారు. డ్రాలో పేరొచ్చిన వాళ్ల ఇల్లు వెతుక్కుంటూ సందుల్లో నడుస్తారు. కెమెరా కూడా వాళ్ల వెనకే ఇంట్లోకి దూరుతుంది. మంచం, గిన్నెలు, కన్నీళ్లు అన్నీ దేశమంతా చూస్తుంది. పేదరికాన్ని అలా టీవీలో పరచడం నాకు అప్పుడప్పుడూ ఇబ్బందిగానే ఉండేది. అయినా గేటు బయట ఎండలో నిలబెట్టడం కంటే ఇది నయం.

ఆ పేటల తిరుగుడులోంచే 2015 జూలై 16న ఒక వింత పుట్టింది. నటుడు ఆల్డెన్ రిచర్డ్స్ స్టూడియోలో, యాయా డబ్ అనే ఆయా వేషంలో మెయిన్ మెండోజా బయట పేటలో. సీరియస్‌గా ఉండాల్సిన ఆ అమ్మాయి, తెర రెండు ముక్కలై పక్కనే ఆల్డెన్ కనబడగానే సిగ్గుపడి నవ్వేసింది. అంతే, అదే సీరియల్ అయిపోయింది. పేరు కల్యెసెర్యె. కల్యె అంటే వీధి. ఇద్దరూ కాగితాల మీద రాసి చూపించుకునేవాళ్లు. ఒకసారి ఎదురుపడబోతుంటే మధ్యలో ప్లైవుడ్ గోడ అడ్డం పడింది. నేను తినే కరిందేరియా, అంటే చిన్న హోటల్, ఓనర్ని అందరూ అతే అనేవాళ్లు, అంటే అక్క. ఆ రోజు ఆవిడ గరిటె గాల్లోనే పట్టుకుని నిలబడిపోయింది, నా ప్లేట్లో అన్నం పడింది గానీ అడోబో కూర పడలేదు. ఆ అక్టోబర్ 24న వాళ్లిద్దరి కోసం ఫిలిప్పీన్ అరీనాలో 55,000 మంది కూర్చున్నారు. ఆ రోజు హ్యాష్‌ట్యాగ్‌కి 4 కోట్లకు పైగా ట్వీట్లు వచ్చాయి.

"మరి పాత ఈట్ బులగా, ఇప్పటిది ఒకటేనా?" అని కూడా అడుగుతున్నారు. ఒకటే. టిటో సోటో, విక్ సోటో, జోయ్ డి లియోన్ 1979 జూలై 30న ఆర్‌పీఎన్ ఛానల్లో మొదలుపెట్టారు. అప్పటికి మధ్యాహ్నాలు స్టూడెంట్ క్యాంటీన్‌వి, 1958 నాటి షో అది. పసిపిల్లల ముందు చేతులతో మొహం కప్పుకుని, తీసి 'భౌ' అంటాం చూడండి, ఆ 'భౌ'యే బులగా. అన్నం వేళ కాబట్టి ముందు ఈట్. ఆ పేరు పెట్టింది జోయ్. షో 1989లో ఏబీఎస్-సీబీఎన్‌కి, 1995లో జీఎంఏకి మారింది. 2023 మే 31న నిర్మాణ సంస్థ టేప్‌తో చెడి ముగ్గురూ బయటికొచ్చేశారు. జూలై 1 నుంచి టీవీ5లో 'ఈ.ఏ.టీ.' అని నడిపారు. పాత పేరు, పాత స్లాట్ మాత్రం టేప్ దగ్గరే ఉండిపోయాయి. 2024 జనవరిలో మరికినా కోర్టు పేరు ఈ ముగ్గురిదేనంది. టేప్ వాళ్ల షో పేరు మార్చుకుని మార్చిలో ముగిసిపోయింది. ఖాళీ అయిన ఆ జీఎంఏ స్లాట్‌లోకి ఏప్రిల్ 6న వచ్చి కూర్చున్నది ఎవరనుకున్నారు? షోటైమ్.

రిమోట్ మీ చేతికొస్తే ఈట్ బులగానే పెట్టండి. పినోయ్ హెన్యో వచ్చే రోజైతే అస్సలు వదలకండి. ఒకడి నుదుటి మీద ఒక మాట పెడతారు, వాడికది కనబడదు. రెండు నిమిషాల్లో జోడీని ప్రశ్నలడిగి పట్టుకోవాలి. "మనిషా? వస్తువా? తినేదా?" అవతలివాడు ఓఓ, హిందీ, ప్వెదె అని మాత్రమే అనాలి. మొదటిసారి చూసినప్పుడు వాడు "హిందీ! హిందీ!" అని అరుస్తుంటే, ఇక్కడ కూడా వదల్లేదురా బాబూ అనుకున్నాను. పక్కనున్న సీనియర్ నవ్వి చెప్పాడు: హిందీ అంటే 'కాదు' అట.