గోధుమరంగు క్రాంక్ సీళ్ళు: మా ఆర్‌ఎక్స్ 100లో మూడేళ్ళు

యమహా ఆర్‌ఎక్స్ 100 బైకు గురించి కొత్తగా చెప్పేదేముంది? 1985లో వచ్చింది, 1996లో ఆగిపోయింది, ఇప్పటికీ ట్రంక్ రోడ్డులో ఒకటి పోతుంటే తలలు తిరుగుతాయి. నేను చెప్పబోయేది బయటికి కనపడని రెండు రబ్బరు ముక్కల గురించి. ఇంజన్‌లో పిస్టన్ తిప్పే ఇరుసుని క్రాంక్ అంటారు, దానికి అటొకటి, ఇటొకటి ఉండే ఆయిల్ సీళ్ళు.

మొదటిసారి ఇంజన్ విప్పించినప్పుడు పోర్టింగ్ కూడా చేయించాను, అంటే సిలిండర్‌లో గ్యాసు వచ్చీపోయే దారుల్ని మార్చడం. ఎగ్జాస్ట్ పోర్టు కాస్త పైకి లేపి, ట్రాన్స్‌ఫర్ పోర్టులు సాపు చేయించడానికి ఆరు వేలు పెట్టాను. సీళ్ళ దగ్గరికి వచ్చేసరికి చెయ్యి బిగుసుకుంది. షాపులో తీగకి దండలాగా గుచ్చి వేలాడదీసిన నల్లవి జత నూట ఇరవై అంటే అవే తెచ్చాను. మా మెకానిక్ అన్న వాటిని చూసి, "పోర్టింగుకి ఆరు వేలు పోసి, సీలు కాడ బేరమాడతా ఉండావే అబ్బయా" అన్నాడు. నవ్వేశాను.

నాలుగు నెలలు బండి గాలిలో తేలింది. పోర్టింగ్ గురించి దొరికిన ప్రతివాడికీ చెప్పాను, ఇద్దరి చేత చేయించాను కూడా. ఆ తర్వాత మే నెలలో మేనత్త కూతురి పెళ్ళికి ఒంగోలు బయలుదేరాను. కావలిలో టీ తాగుతుంటే స్టాండు వేసిన బండి స్లో (థ్రాటిల్ తిప్పకుండా ఇంజన్ తిరిగే వేగం) దానంతట అదే పెరుగుతోంది. ఎండకి అనుకుని ఐడిల్ స్క్రూ తగ్గించి మళ్ళీ ఎక్కాను. అక్కడే దాన్ని ఆపేసి బస్సెక్కి ఉండాల్సింది.

తెట్టు దాటాక ముందు లారీ బ్రేకు వేస్తే నేను థ్రాటిల్ వదిలేశాను. ఇంజన్ మాత్రం వదల్లేదు, ఒకే గొంతుతో అరుస్తూనే ఉంది. క్లచ్ పట్టుకునేలోపే ఒక కీచు, వెనక చక్రం బిగుసుకుపోయింది. టైరు మూడు మూరలు గీసుకుంటూ పోయి రోడ్డు పక్క మట్టిలో ఆగింది. పడలేదు, అదే పదివేలు. ప్లగ్ విప్పి చూస్తే సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. అరగంట ఆరనిచ్చి కిక్ కొడితే కాలు అడ్డం లేకుండా కిందికి జారింది, కంప్రెషన్ లేదు. పట్టు పంచె సంచితో సహా టాటా ఏస్‌లో బండిని వేసుకుని వెనక్కి వచ్చాను. పెళ్ళి భోజనం పోయింది, అత్త ఇప్పటికీ ఆ మాట ఎత్తుతుంది.

విప్పితే పిస్టన్ ఎగ్జాస్ట్ వైపంతా గీరుకుపోయి ఉంది. కారణం మాగ్నెటో (ప్లగ్‌కి కరెంటు పుట్టించే చక్రం) వైపు సీలు. దాని పెదవి మీద, అంటే షాఫ్ట్‌ని అంటుకునే లోపలి అంచు మీద, గోరుతో గిల్లినంత కోత. ఆ వైపు సీలు లీకైతే కార్బురేటర్‌తో పని లేకుండా బయటి గాలి లోపలికి దూరుతుంది, మిశ్రమం పలచబడుతుంది, వేడి పెరుగుతుంది. రెండో వైపుది, అంటే క్లచ్ వైపుది పోతే గేర్ ఆయిల్ తాగి తెల్ల పొగ వస్తుంది, అది కనీసం కంటికి కనపడుతుంది. ఈ వైపుది చెప్పాపెట్టకుండా చంపుతుంది.

రెండోసారి మాత్రం వైటాన్ అనే వేడికి ఆగే రబ్బరు సీళ్ళు తెప్పించాను, గోధుమరంగువి. జత ఏడు వందలు పడింది. మామూలు నైట్రైల్ రబ్బరు వంద డిగ్రీలు దాటాక గట్టిపడుతూ వస్తుంది, వైటాన్ రెండు వందల దాకా ఓర్చుకుంటుంది. ఇథనాల్ పెట్రోలుకీ ఇదే మేలు. రంగు చూసి నమ్మకండి, నైట్రైల్‌కి కూడా ఆ రంగు వేసి అమ్ముతారు. డబ్బా మీద ఎఫ్‌కేఎం (వైటాన్ రకం రబ్బరుకి గుర్తు) అని రాసి ఉందో లేదో చూసుకుని, అది కూడా నమ్మకమైన చోటే కొనాలి.

ఈసారి పక్కనే స్టూలు వేసుకుని కూర్చున్నాను. అన్న ముందు క్రాంక్ షాఫ్ట్ మీద గోరు నడిపించాడు. పాత సీలు తిరిగిన చోట సన్నటి గాడి తగిలింది. సన్న ఎమరీ పేపరుతో దాన్ని రుద్ది, కొత్త సీలును పాతదాని కంటే ఒక మిల్లీమీటరు ఇవతలే ఆపాడు, పెదవి కొత్త చోట పడేలా. షాఫ్ట్‌లో కీ కూర్చునే గాడి అంచు కత్తిలా ఉంటుంది. పాల ప్యాకెట్ కవరు కత్తిరించి దాని మీద చుట్టి, సీలు పెదవికి గ్రీజు రాసి, కవరు మీదుగా జార్చాడు. స్ప్రింగు ఉన్న ముఖం లోపలికి. నా మొదటి సీలు కోసుకుపోయింది ఈ గాడి మీదేనేమో. అప్పుడు కవరు చుట్టారా లేదా అని నేనూ అడగలేదు, అన్నా చెప్పలేదు.

ఆ తర్వాత చేసింది చూసి నాకు నోరు తెరుచుకుంది. ఇన్‌టేక్‌నీ ఎగ్జాస్ట్‌నీ సైకిల్ ట్యూబు ముక్కలతో మూసి, ప్లగ్ రంధ్రంలోంచి గొట్టం పెట్టి, నర్సుగా చేసే వాళ్ళ చెల్లెలి బీపీ మిషన్ తగిలించాడు. బల్బు పిసికి ముల్లుని 300 దాకా ఎక్కించాడు. అంటే దాదాపు ఆరు పీఎస్‌ఐ. ముల్లు దిగసాగింది. సబ్బు నురగ పూస్తే సీలు దగ్గర ఏమీ లేదు, సిలిండర్ కింది గ్యాస్కెట్ దగ్గర బుడగలు. గ్యాస్కెట్ మార్చి మళ్ళీ ఎక్కిస్తే మూడు నిమిషాలు ముల్లు కదల్లేదు. "ఈ బండికి బీపీ లేదబ్బయా" అన్నాడు. తర్వాత పెద్ద సిరంజితో గాలి వెనక్కి లాగి కూడా చూశాడు. పిస్టన్ పైకి పోతే పీల్పు, కిందికొస్తే ఒత్తిడి కదా, సీలు రెండింటికీ ఆగాలి.

అప్పటినుంచి మూడేళ్ళు, పద్నాలుగు వేల కిలోమీటర్లు. కృష్ణపట్నం వైపు ఉప్పుగాలి, రొయ్యల గుంటల గట్లు, రెండు వేసవులు ఒంగోలు ప్రయాణం. స్లో ఒక్కసారి కూడా దానంతట అది పెరగలేదు. ఈ20 (ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు) వచ్చాక పెట్రోలు ట్యాపు వాషరు ఉబ్బి కారింది, ఈ సీళ్ళకి ఏమీ కాలేదు. కనపడినవాళ్ళందరికీ వైటానే వేయించుకోమని చెబుతూ వచ్చాను.

ఇప్పుడు ఆ మాట కొంచెం తగ్గించి చెప్పాలి. నన్ను కాపాడింది ఏడు వందల రబ్బరా, పాల ప్యాకెట్ కవరా, బీపీ మిషనా అంటే తేల్చలేను. తీగకి వేలాడదీసిన సీలు పెదవి వంకరపోతుందని తర్వాత తెలిసింది. డబ్బాలో పడుకోబెట్టిన మంచి నల్ల సీలునే ఇంత జాగ్రత్తగా కూర్చోబెట్టి ఉంటే అదీ నిలిచేదేమో. పోర్టింగ్ లేని బండి, రోజుకి పది కిలోమీటర్లు ఆఫీసుకి పోయేదైతే, నేనైతే ఏడు వందలు సీలుకి పెట్టను. అందులో సగం లీక్ టెస్ట్ చేసిచ్చే మెకానిక్‌కి ఇస్తాను. నాలాగా హైవే మీద గుంజేవాళ్ళ లెక్క వేరు.

ఇంకో సంగతి. ఫిబ్రవరి నుంచి, బండిని రెండు వారాలు కదపకుండా పెట్టి తీస్తే మొదటి కిక్కుకి గుప్పెడు తెల్ల పొగ వదులుతోంది, నిమిషంలో సర్దుకుంటోంది. క్లచ్ వైపు సీలు మీద అనుమానం. ఈ ఆదివారం గేర్ ఆయిల్ దించి, పోసినదానికీ దిగినదానికీ తేడా కొలుస్తాను. బీపీ మిషన్ సంగతి అన్నకి ఇప్పటికే చెప్పి పెట్టాను.