యాసంగిలో బోరు కింద వరా, మక్కా?
నా ఓటు మక్కకే, అంటే మొక్కజొన్నకే. వరికి సీజన్ మొత్తం మీద దాదాపు 1200 మిల్లీమీటర్ల నీళ్లు కావాలి, మక్కకి 500-600 చాలు, అంటే మోటారు నడిచేది కూడా సగమే. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి సాగుకి 24 గంటల ఫ్రీ కరెంటు వచ్చింది, మంచిదే, కానీ కరెంటు రాగానే మోటారుని దానంతటదే ఆన్ చేసే ఆటో స్టార్టర్ పెట్టి వదిలేస్తే రాత్రంతా నీళ్లు పోతూనే ఉంటాయి, బిల్లు రాదు కాబట్టి ఎవరికీ తెలీదు, తీరా ఏప్రిల్ వచ్చేసరికి బోరు ఆగి ఆగి పోస్తుంది, పొట్టకొచ్చిన వరి కళ్ల ముందే ఎండుతుంటే చూడలేం అసలు.

అయితే వరికి కొనుగోలు సెంటర్ ఉంటుంది, మద్దతు ధర దొరుకుతుంది. మక్కకి ఆ భరోసా తక్కువ, పైగా అడవి పందుల బెడద. అందుకే వరి వేసే రైతుని తప్పుపట్టను, ముందు మక్కని కూడా అట్లనే కొనాలి కదా.