అవిసె నూనె: మూడేళ్లు వాడాక

మేముండేది చంద్రపూర్ జిల్లా బల్లార్షాలో. ఇక్కడి మరాఠీవాళ్లు అవిసె గింజలను జవస్ అంటారు. మూడేళ్ల కింద రక్త పరీక్షలో ట్రైగ్లిజరైడ్లు, అంటే రక్తంలో ఉండే ఒక రకం కొవ్వు, 230 వచ్చాయి. మా ఇంట్లో చేపలు తినం, అందుకని ఒమేగా-3 అనే మంచి కొవ్వు కోసం ఈ నూనె మొదలుపెట్టాను. సీసా చూసి మా అత్తమ్మ, "తలుపులకు పూసేది తాగుతావానే!" అని ఒకటే నవ్వు. ఆమె అన్నది తప్పేం కాదు, గింజ అదే. కాకపోతే రంగుల షాపులో అమ్మే దాంట్లో త్వరగా ఆరడానికి ఏవేవో కలుపుతారు, నోట్లో పెట్టకూడదు.

ముందు క్యాప్సూల్స్ కొన్నాను. 1000 మిల్లీగ్రాముల క్యాప్సూల్‌లో మనకు కావలసిన ఆల్ఫా లినోలెనిక్ ఆమ్లం (అవిసెలో ఉండే రకం ఒమేగా-3) సగం దాకానే ఉంటుంది. ఒక టీ చెంచా నూనెలో రెండు గ్రాములకు పైనే. నాలుగైదు మింగే బదులు పప్పన్నంలో చెంచా నూనె వేసుకోవడం నయమనిపించింది.

అసలు కష్టం వేసవిలో వచ్చింది. ఇక్కడ మే నెలలో 45 డిగ్రీలు మామూలే. నేనేమో అర లీటరు తెల్ల సీసా కొని పొయ్యి పక్కన పెట్టాను. పదిహేను రోజులకే చేదెక్కింది. మందు కదా, చేదుగానే ఉంటుందిలే అని ఇంకో వారం తిన్నాను. ఒకటే తేన్పులు, కడుపులో తిప్పడం. పక్కింటి ఆజీ (మరాఠీలో అవ్వ) వేలు ముంచి నాలుక మీద పెట్టుకుని, "ఖవట్ అయింది, పారబొయ్యి" అంది. ముక్కిపోయిందన్నమాట. అప్పటి నుంచి గానుగలో తాజాగా ఆడించింది వంద మిల్లీలీటర్లే తెస్తాను. నల్ల సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టి నెలలోపు ముగిస్తాను. పోపుకి మాత్రం వాడను, వేడికి పాడైపోతుంది.

ఫలితమా? మలబద్ధకం తగ్గింది. రెండు చెంచాలు వేసుకున్న రోజు మరీ ఎక్కువ తగ్గింది! మోకాళ్ల నొప్పి అలాగే ఉంది, జుట్టూ అంతే. ట్రైగ్లిజరైడ్లు ఏడాదికి 170కి దిగాయి కానీ అదే ఏడాది రాత్రి అన్నం, టీలో చక్కెర మానేశాను. ఘనత నూనెకిస్తే అబద్ధమవుతుంది. చేపల్లో ఉండే రకం ఒమేగా-3ని మన ఒళ్లు దీన్నుంచి చాలా కొద్దిగానే చేసుకుంటుంది. మా ఆయన రక్తం పలచబడే మాత్రలు వాడతారు, ఆయనకు డాక్టర్ వద్దన్నారు.

ఇప్పుడు చలికాలమే నూనె. ఎండలు ముదిరితే ఆజీ నేర్పిన పొడి: వేయించిన జవస్, ఎండుమిర్చి, వెల్లుల్లి, ఉప్పు. జొన్నరొట్టెలోకి నూనె కన్నా ఇదే రుచి, పైగా నూనెలో లేని పీచు గింజలో ఉంటుంది.

ఆ మేలో ముక్కిపోయిన అర సీసా అత్తమ్మ తీసుకుని వీధి తలుపుకు పూసింది. ఆరడానికి వారం పట్టింది గానీ ఇప్పటికీ నిగనిగలాడుతోంది.