లీడ్స్‌లో విక్టోరియన్ టెర్రస్ ఇల్లు: తొమ్మిదేళ్ల అనుభవం

టెర్రస్ హౌస్ కొన్నానంటే అమ్మ ఫోన్లో ‘డాబా ఎంత పెద్దదిరా?’ అంది. డాబా లేదు. ఇంగ్లండ్‌లో టెర్రస్ అంటే పక్కింటి గోడే మన గోడగా వీధి పొడవునా కట్టుకుంటూ పోయిన ఇళ్ల వరస. మాది 1890ల నాటి, అంటే విక్టోరియా రాణి కాలపు ఎర్ర ఇటుకల ఇల్లు, వెనక చిన్న పెరడు ఉంది. వీపుకు వీపు ఆనించి కట్టిన బ్యాక్ టు బ్యాక్ ఇళ్లు వేరే రకం. 1909లో చట్టం వద్దన్నా లీడ్స్‌లో వాటిని 1937 దాకా కడుతూనే ఉన్నారు.

డిసెంబర్‌లో నాలుగు కాకుండానే చీకటి పడే ఊరిది. గోడ నుంచి ముందుకు పొడుచుకొచ్చి మూడు వైపుల నుంచి వెలుతురిచ్చే బే విండో విలువ అప్పుడు తెలుస్తుంది. 1845లో గాజు మీద, 1851లో కిటికీల మీద పన్ను ఎత్తేశాకే ఇంత అద్దం మామూలు ఇళ్లకు అందింది. కిటికీ రెక్కలు పైకీ కిందికీ జరుగుతాయి. చట్రం లోపల తాడుకు ఇనుప గుండు వేలాడుతుంది, ఆ బరువు వల్లే రెక్క ఎక్కడ వదిలితే అక్కడ ఆగుతుంది. ఓ రాత్రి తాడు పుటుక్కున తెగి గుండు ధబ్బుమంటే, దొంగలనుకుని చపాతీ కర్ర పట్టుకుని కిందికి దిగాను.

అసలు తలనొప్పి చెమ్మ. బయటి గోడలో కొన్ని వరసలకోసారి ఇటుకల పొట్టి కొసలు మాత్రమే కనిపిస్తాయి. ఆ ఇటుకలు అడ్డంగా లోపలిదాకా వెళ్లాయన్నమాట. అంటే 9 అంగుళాల నిండు గోడ, మధ్యలో ఖాళీ ఉండదు. వానకు తడుస్తుంది, దర్జుల్లోని, అంటే ఇటుకల మధ్య సందుల్లోని సున్నం గుండా ఆరుతుంది. మాకంటే ముందున్నవాళ్లు ఆ దర్జులన్నీ సిమెంటుతో పూడ్చేశారు. ఇక నీళ్లు బయటికి పోవాలంటే ఇటుకే దిక్కు. రెండో చలికాలానికి ఆ తడి గడ్డకట్టి ఇటుకల ముఖాలు పెచ్చులు పెచ్చులుగా ఊడాయి, బెడ్‌రూమ్‌లో బూజు. ఒకాయన చెమ్మ ఆగుతుందని గోడకు మందు ఇంజెక్షన్లు వేశాడు. డబ్బు పోయింది, బూజు పోలేదు.

చివరికి ఓ ముసలి మేస్త్రీ సిమెంటు గీకి సున్నం పెట్టాడు. చెక్క ఫ్లోర్ కింద గాలి ఆడటానికి పెట్టిన చిల్లుల ఇటుక ఒకటి మట్టిలో కూరుకుపోతే దాన్నీ తీశాడు. మా తాతగారింటి గోడలూ గానుగ సున్నంవే, నాకప్పుడు ఆ తెలివి లేదు! గోడ పూర్తిగా ఆరడానికి రెండు వేసవులు పట్టింది.

ఇల్లు వెచ్చగా ఉంచడానికి గ్యాస్ బిల్లు బాదుడే. పక్కింటి పియానో ఉచితం, మన పోపు ఘాటు వాళ్లకు ఉచితం. ఇలాంటిది కొనేముందు తాళంచెవితో దర్జు గీకి చూడండి, సున్నమైతే పొడి రాలుతుంది. బొగ్గు పోసుకునే సెల్లార్ ఉంది కదా అని బియ్యం బస్తా మాత్రం అందులో పెట్టకండి. మేం పెట్టాం, నెలకే ముక్కిపోయింది.