స్టీలు లాకర్లు కొనబోయే పాఠశాలలకు హెచ్చరిక: చూపించిన నమూనాను తిరిగి పంపకండి

విశాఖపట్నంలో సముద్రానికి దగ్గరగా ఉన్న మా పాఠశాల కోసం కిందటి వేసవి సెలవుల్లో ఇరవై స్టీలు లాకర్ యూనిట్లు కొన్నాం. ఒక్కో యూనిట్‌కు ఆరు తలుపుల చొప్పున 120 మంది పిల్లలకు సరిపోతాయని లెక్క వేసుకున్నాం. కొనుగోలు కమిటీలో నేను సభ్యుడిని, ఆర్డరు కాగితం మీద నా సంతకం కూడా ఉంది. జరిగిన నష్టంలో నా అజాగ్రత్త వాటా ఎంతో నాకు తెలుసు కాబట్టి, ఇదే పనిలో ఉన్న ఇతర పాఠశాలలవారు, కార్యాలయాలవారు, వ్యాయామశాలలవారు మాలాగా మోసపోకూడదని ఇది రాస్తున్నాను. సరఫరాదారు పేరు ఇక్కడ రాయడం లేదు.

ఆర్డరుకు ముందు వారు ఒక నమూనా యూనిట్‌ను వ్యానులో తెచ్చి చూపించారు. తలుపు గట్టిగా ఉంది, వేళ్లతో నొక్కితే లోపలికి పోలేదు, తాళం సాఫీగా తిరిగింది. అందరికీ నచ్చింది. కొలతలు తీసుకోవాలి, ఫ్యాక్టరీలో అవసరం ఉందని చెప్పి అదే వ్యానులో దానిని వెనక్కి తీసుకుపోతామంటే సరేనన్నాం. మేము చేసిన అతి పెద్ద పొరపాటు అదే. ఆర్డరులో రేకు గురించి "22 గేజ్" (గేజ్ అంటే రేకు మందాన్ని సూచించే అంకె) అన్న రెండు మాటలు తప్ప మరేమీ రాయించలేదు, పైగా సొమ్ములో డెబ్బై శాతం ముందుగానే చెల్లించాం.

సరుకు దిగిన నెల రోజులకే తలుపులు కిందికి జారి చట్రానికి రాసుకోవడం మొదలైంది. తాళం వేసి ఉన్న తలుపు కింది మూలను పట్టుకుని వంచితే చెయ్యి లోపలికి వెళ్లేంత సందు ఏర్పడేది. ఆటోనగర్‌లో లేత్ పనులు చేయించే ఒక విద్యార్థి తండ్రి రేకు మందం కొలిచే మైక్రోమీటరు తెచ్చి తలుపు అంచు కొలిస్తే 0.68 మిల్లీమీటర్లు వచ్చింది. బ్రిటిష్ పట్టిక ప్రకారం 22 గేజ్ అంటే 0.71 కనుక, ఆ కొద్ది తేడా మామూలేనని సరఫరాదారు మనిషి వాదించాడు. అప్పుడు ఆ తండ్రి లోపలివైపు కనిపించని మూలలో రెండు పక్కలా రంగు గీకి మళ్లీ కొలిచారు. ఈసారి వచ్చింది 0.56, అంటే 24 గేజ్ రేకు. పౌడర్ కోటింగ్ (పొడిగా చల్లి వేడితో అతికించే రంగు) ఒక్కో వైపు అరవై మైక్రాన్లు, అంటే 0.06 మిల్లీమీటర్లు ఉంటే రెండు వైపులా కలిపి 0.12 మిల్లీమీటర్లు. అంత మందం రంగును రేకు లెక్కలో కలిపి మాకు చూపించారు.

గేజ్ అన్న మాటతో చిక్కు ఏమిటంటే, అంకె పెరిగేకొద్దీ రేకు పలుచనవుతుంది, పైగా పట్టికను బట్టి కొలత మారుతుంది. అదే 22 గేజ్ ఉక్కు రేకు అమెరికా పట్టికలో 0.76 మిల్లీమీటర్లు. కాబట్టి ఆర్డరులో గేజ్ రాయించకండి. "రంగు వేయక ముందు రేకు మందం ఇన్ని మిల్లీమీటర్లు" అని తలుపుకు, పక్కలకు, అరలకు విడివిడిగా రాయించండి. తూకం కూడా మంచి సాక్ష్యం. ఒక మిల్లీమీటరు మందమున్న చదరపు మీటరు ఉక్కు రేకు 7.85 కిలోలు తూగుతుంది. మా యూనిట్ ఒక్కోదానికి దాదాపు తొమ్మిది చదరపు మీటర్ల రేకు పడుతుంది కనుక, 0.71కి బదులు 0.56 వాడితే యూనిట్‌కు పది కిలోల ఉక్కు తగ్గినట్టే. నమూనాను కాటా వేయించి ఆ బరువు రాసి పెట్టుకుని ఉంటే దింపిన రోజే పట్టుబడేది.

తాళాల సంగతి పిల్లలే కనిపెట్టారు. ఒక అమ్మాయి తాళం చెవితో పక్క వరసలోని మరో ఇద్దరి తలుపులు తెరుచుకున్నాయి. మేము కూర్చుని 120 చెవులను పరిశీలిస్తే, వాటి మీద చెక్కిన నంబర్లు చాలా చోట్ల మళ్లీ మళ్లీ వచ్చాయి. పిల్లల వస్తువులు పోతే దొంగతనం నింద తోటి పిల్లల మీద పడుతుంది. డబ్బు నష్టం కన్నా ఇదే నన్ను ఎక్కువ బాధించింది. తాళం నంబర్ల జాబితాను సరుకుతో పాటే అడిగి తీసుకోండి. లేదా ఎవరి తాళంకప్ప వారే వేసుకునేలా గొళ్ళెం పెట్టించండి.

వీటిలో నాలుగు యూనిట్లను ఈత కొలను పక్కన దుస్తులు మార్చుకునే గదిలో పెట్టాం. అక్కడ ఉప్పు గాలికి క్లోరిన్ ఆవిరి తోడైంది, నేల కడిగిన నీరు అడుగున నిలిచేది, వానాకాలం ముగిసేసరికి తలుపుల కింది అంచులు తుప్పు పట్టి రంగు పెచ్చులుగా ఊడింది. మామూలు ఉక్కు రేకును కొలను పక్కన పెట్టడం మా తప్పే. స్టెయిన్‌లెస్ స్టీలైనా 304 రకం కూడా అక్కడ మచ్చలు పడుతుంది. మాలిబ్డినం అనే లోహం కలిసిన 316 రకం మెరుగు, కాంపాక్ట్ లామినేట్ పలకలైతే (రెసిన్‌లో తడిపిన కాగితపు పొరలను అదిమి చేసినవి) తుప్పు మాటే ఉండదు. అయస్కాంతం అంటుకోకపోతే 304 అని ఎవరైనా చెబితే నమ్మకండి, చవకైన 202 రకానికీ అది అంటుకోదు.

యూనిట్లను గోడకు బోల్టులతో బిగించే పని కూడా వారు చేయలేదు. రెండో తరగతి పిల్లవాడొకడు తెరిచిన తలుపుకు వేలాడితే యూనిట్ ముందుకు ఒరిగింది. పక్కనే ఉన్న ఆయమ్మ పట్టుకోబట్టి ప్రమాదం తప్పింది. మరునాడే అన్నింటినీ మా ఖర్చుతో గోడకు బిగించాం.

1930 నాటి వస్తువుల విక్రయ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, నమూనా చూపి అమ్మినప్పుడు సరుకంతా నాణ్యతలో ఆ నమూనాకు సరిపోవాలి. ఈ మాట చెప్పి నిలదీస్తే, ఆ నమూనా కూడా ఇలాంటిదేనని సరఫరాదారు జవాబిచ్చాడు. కాదని చూపడానికి మా దగ్గర నమూనా లేదు, దాని బరువు రాసిన చీటీ లేదు, తలుపు మందం కొలిచిన కాగితం లేదు. వ్యాపార అవసరాలకు కొనే సంస్థలకు మరో ఇబ్బంది ఉంది: 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం వ్యాపార ప్రయోజనం కోసం కొన్నవారిని వినియోగదారులుగా లెక్కించదు కనుక, వారికి ఆర్డరు కాగితంలోని మాటలే ఆధారం.

మిగిలిన ముప్పై శాతం సొమ్మును ఆపి, తాళాలన్నీ మార్చాలని, తలుపులు వంగకుండా లోపలివైపు బలాన్నిచ్చే పట్టీలు వేయాలని రాతపూర్వకంగా కోరాం. తాళాలు మార్చారు, పట్టీలు ఇంకా వేయలేదు. కొలను దగ్గరి నాలుగు యూనిట్లను తొలగించాం. వాటి స్థానంలో కొత్తవాటికి ఆర్డరు ఇచ్చే ముందు తెప్పించిన నమూనా మీద మేమూ అమ్మకందారూ సంతకాలు చేసిన చీటీ అంటించాం. చివరి యూనిట్ దిగి, కొలిచి చూసేదాకా అది ప్రధానోపాధ్యాయుల గదిలోనే ఉంటుంది.