ఒక్క ల్యాప్ గ్రిప్పా, ఇరవై నిమిషాల గ్రిప్పా? ట్రాక్ టైర్లలో ఏది మేలు?

పోయిన నెల ఆస్టిన్ నుంచి మా బావ ఫోన్ చేశాడు. కొత్తగా టొయోటా జీఆర్86 కొన్నాడు. దాంతో వచ్చిన పైలట్ స్పోర్ట్ 4 టైర్లు రోడ్డు మీద బాగానే ఉన్నాయి కానీ, అక్కడి రేస్ ట్రాక్ సర్క్యూట్ ఆఫ్ ది అమెరికాస్‌లో ఒక ట్రాక్ డేకి (సొంత కారుని రేస్ ట్రాక్ మీద నడుపుకోనిచ్చే రోజు) వెళ్లొచ్చినప్పటి నుంచి ఆయన మనసంతా టైర్ల మీదే. "ఒరేయ్, యొకోహామా ఏ052 తీసుకోనా, బ్రిడ్జ్‌స్టోన్ ఆర్‌ఈ-71ఆర్‌ఎస్ తీసుకోనా, హంకుక్ ఆర్‌ఎస్4 తీసుకోనా? మూడింటి మీదా 200 అనే ఉంది, మూడింటికీ గ్రిప్ అదిరిపోతుందనే రాశారు. ఏది మేలో ఒక్క మాటలో చెప్పు" అన్నాడు.

"ఎన్నో ల్యాప్‌లో కావాలి బావా గ్రిప్పు?" అని అడిగాను. కాసేపు మాట్లాడలేదు. ఆ ప్రశ్న ఆయనకు ఎవరూ వేయలేదు మరి.

ముందు ఆ 200 సంగతి చూద్దాం, ఎక్కువమంది పొరపడేది అక్కడే. టైర్ సైడ్‌వాల్ (పక్క గోడ) మీద ట్రెడ్‌వేర్ 200, ట్రాక్షన్ ఏ, టెంపరేచర్ ఏ అని మూడు మాటలుంటాయి. అమెరికా ప్రభుత్వం పెట్టిన గ్రేడింగ్ అది. ట్రెడ్‌వేర్ అంటే అరుగుదల, గ్రిప్ కాదు. మా టెక్సస్‌లోనే, శాన్ ఏంజెలో చుట్టూ 400 మైళ్ల మామూలు రోడ్డు మీద కార్లను వరుసగా నడిపి, మొత్తం 7,200 మైళ్లు తిప్పి, ఒక ప్రామాణిక టైర్‌తో పోలిస్తే ఇది ఎంత అరిగిందో చూసి లెక్క కడతారు. ప్రామాణిక టైర్‌కి 100 అనుకుంటే 200 అంటే దానికి రెట్టింపు మన్నుతుందని అర్థం. నంబర్ వేసుకునేది కంపెనీయే, ప్రభుత్వం కాదు. పరీక్షలో వచ్చిన దానికంటే తక్కువ వేసుకున్నా తప్పు లేదు. దాంతో ఏమైందంటే, అమెరికాలో ఆటోక్రాస్ (శంకువుల మధ్య ఒక్కో కారే కాసేపు పరిగెత్తి టైము చూసుకునే పోటీ) నడిపే క్లబ్బు ఎస్‌సీసీఏ వాళ్లు స్ట్రీట్ క్లాసుల్లో కనీసం 200 ట్రెడ్‌వేర్ ఉండాలని రూలు పెట్టేసరికి, ఆ పోటీల కోసం తయారయ్యే టైర్లన్నీ సరిగ్గా 200 అచ్చు వేసుకుని వచ్చాయి. ఏ052 మీదా 200, ఆర్‌ఎస్4 మీదా 200. రెండూ కొని వాడినవాళ్లను అడగండి, ఒకటి వేసవి దాటకముందే అయిపోతుంది, రెండోది వచ్చే ఏడాదికీ ఉంటుంది. మరి ఆ రెండింటికీ ఒకే నంబర్ ఎలా కుదిరింది?

ఇంకా తిరకాసు చూడండి. మిషెలిన్ పైలట్ స్పోర్ట్ కప్ 2 మీద చాలా సైజుల్లో 180 ఉంటుంది. దానికంటే మెత్తనిదీ, పూర్తిగా ట్రాక్ కోసమే అన్నట్టు తయారు చేసిందీ అయిన కప్ 2 ఆర్ మీద 240 ఉంటుంది. నంబర్ తగ్గితే గ్రిప్ పెరుగుతుందని నమ్మేవాళ్లు కప్ 2 ఆర్‌ని పక్కన పెట్టేయాలి, కానీ ల్యాప్ రికార్డుల కోసం పోర్షే దానినే బిగించుకుంటుంది. అందుకని ఒక కంపెనీ 200ని ఇంకో కంపెనీ 200తో పోల్చి డబ్బులు పెట్టకండి. 40కీ 300కీ మధ్య తేడా ఏ జాతి టైరో చెబుతుంది, అంతవరకే దాని పని.

ట్రాక్షన్ గ్రేడ్ సంగతి రెండు ముక్కల్లో. తడి తారు మీద, తడి కాంక్రీట్ మీద గంటకు 40 మైళ్ల వేగంతో చక్రం లాక్ చేసి ఈడ్చి చూస్తారు. పొడి రోడ్డు లేదు, మలుపు లేదు. యూరప్ లేబుల్ మీద తడి పట్టుకి ఏ నుంచి ఈ వరకు ఇచ్చే అక్షరం కూడా తడి రోడ్డు మీద నేరుగా బ్రేక్ వేసి చూసేదే. వానలో ఇంటికి చేరడానికి అవి అక్కరకొస్తాయి, ట్రాక్ మీద మూడో మలుపులో ఏమవుతుందో చెప్పవు.

ఇక ప్రకటనల్లో కనిపించే జి లెక్క, అంటే మలుపులో కారు పక్కకి ఎంత బలాన్ని తట్టుకుంటుందో భూమ్యాకర్షణతో పోల్చి చెప్పే అంకె. షెవర్లే తన 2023 కార్వెట్ జెడ్06కి జెడ్07 ప్యాకేజీతో 1.22 జి వస్తుందని చెప్పింది. ఆ ప్యాకేజీలో వచ్చేవి కప్ 2 ఆర్ టైర్లు. అది చదివి "ఆహా, ఆ టైర్ వేస్తే 1.22" అనుకునేవాళ్లు ఉన్నారు. ఆ కారుకి ముందు 275, వెనక 345 వెడల్పు టైర్లు, మీద పెద్ద రెక్క, దానికి తగ్గ సస్పెన్షన్. ఆ అంకె కారుది, టైర్ అందులో ఒక భాగమే. అదే రబ్బరు మా బావ కారుకి దొరికినా ఆ అంకె రాదు.

అసలు జిలో కొంచెం తేడా వస్తే రోడ్డు మీద ఎంత తేడా వస్తుందో ఒకసారి లెక్కేసి చూస్తే చాలా టెన్షన్ తగ్గుతుంది. 60 మీటర్ల వ్యాసార్ధం ఉన్న మలుపు అనుకోండి. 1.00 జి పట్టు ఉంటే దాన్ని గంటకు 87 కిలోమీటర్లతో తిరగగలం. 1.05 జి ఉంటే 89.5. అంటే అయిదు శాతం గ్రిప్ పెరిగితే వేగం పెరిగేది రెండున్నర శాతమే, ఎందుకంటే వేగం పట్టుకి వర్గమూలం లెక్కన పెరుగుతుంది. పోటీలో ఆ రెండు కిలోమీటర్లు బంగారం. కానీ ట్రాక్ డేకి వచ్చి ఇంకా బ్రేక్ ఎక్కడ వేయాలో నేర్చుకుంటున్నవాడికి, ఒకే మలుపులో ఒక ల్యాప్‌కీ ఇంకో ల్యాప్‌కీ ఐదారు కిలోమీటర్ల తేడా తన కాళ్ల వల్లే వస్తుంది. కారు వేగాన్ని రాసుకునే నా డేటా లాగర్‌లో మొదటి ఏడాది గీతలు చూస్తే అలాగే ఉన్నాయి.

జర్మనీలోని నూర్‌బుర్గ్‌రింగ్ ట్రాక్ టైముల గురించి కూడా ఒక మాట. 2017లో పోర్షే 911 జీటీ2 ఆర్‌ఎస్ కప్ 2 టైర్ల మీద 6 నిమిషాల 47.3 సెకన్లలో తిరిగింది. 2021లో మాంటై అనే రేసింగ్ కంపెనీ కిట్ (రెక్కలు, సస్పెన్షన్) పెట్టిన జీటీ2 ఆర్‌ఎస్ కప్ 2 ఆర్ టైర్ల మీద 6:43.300 చేసింది. నాలుగు సెకన్లు టైర్ ఇచ్చిందా? రెండోసారి కొలిచిన దూరం 20.832 కిలోమీటర్లు, పాతది 20.6. పాత దూరానికే లెక్కిస్తే రెండో టైము 6:38.835, అంటే తేడా ఎనిమిది సెకన్లు దాటిపోయింది. మరి ఆ ఎనిమిదిలో రెక్కలది ఎంత, సస్పెన్షన్‌ది ఎంత, టైర్‌ది ఎంత? ఆ రెండు అంకెల్లోంచి విడదీసి చెప్పడం ఎవరి తరమూ కాదు. పైగా అది ఒక్క ల్యాప్. ఆరేడు నిమిషాలు కొత్త రబ్బరు మీద ప్రొఫెషనల్ డ్రైవర్ నడిపిన ల్యాప్. మనం శనివారం పొద్దున వెళ్లి ఇరవై నిమిషాల చొప్పున నాలుగైదు సెషన్లు తిరుగుతాం.

ఇప్పుడు బావ అడిగిన మూడు టైర్ల దగ్గరికి వస్తాను, నేను నా మియాటా కారుకి వీటిలో రెండింటిని వాడాను కాబట్టి చేత్తో ముట్టి చెప్పగలను.

ఏ052 చాలా త్వరగా వేడెక్కుతుంది. పిట్ లేన్ దాటి రెండు మలుపులు తిరిగేసరికే రోడ్డుని పట్టేసుకుంటుంది, మొదటి రెండు మూడు ల్యాపుల్లో స్టీరింగ్ తిప్పగానే కారు ముక్కు అటే వెళ్తుంది, ఆ అనుభవం నిజంగా గొప్పది, దాన్ని కాదనను. కానీ ఫోర్ట్‌వర్త్ దగ్గర క్రెసన్‌లో మోటార్‌స్పోర్ట్ రాంచ్‌లో, ఆగస్టు ఎండలో, ఐదో ల్యాప్‌కల్లా ముందు టైర్లు జిడ్డు పూసినట్టు అయిపోయాయి. ఎంత తిప్పినా కారు బయటికే జారుతోంది. పిట్‌లోకి వచ్చి చూస్తే ట్రెడ్ అంచుల్లో రబ్బరు చిన్న చిన్న ఉండలుగా చుట్టుకుపోయి ఉంది, వేలితో తోస్తే ఊడి వచ్చింది. ఆటోక్రాస్‌కి వెళ్తే ఇదే టైర్ వేసుకున్నవాళ్లు పక్కన తోటకి మందు కొట్టే స్ప్రేయర్ పెట్టుకుంటారు, ప్రతి రన్ కాగానే టైర్ల మీద నీళ్లు కొడతారు. నిమిషం నడిపి పదినిమిషాలు ఆగే ఆటలో దీన్ని కొట్టే టైర్లు చాలా తక్కువ. ఇరవై నిమిషాల సెషన్‌లో అది ఇచ్చే మొదటి మూడు ల్యాపులకి మిగతా పది ల్యాపులు మూల్యం.

ఆర్‌ఎస్4 దీనికి తిరగేసినట్టు ఉంటుంది. మొదటి ల్యాప్‌లో వెనక భాగం కదులుతుంది, భయం వేస్తుంది, "ఇదేం టైరు" అనిపిస్తుంది. రెండు మూడు ల్యాపులు ఓపిక పట్టాలి. తర్వాత ఒక స్థాయికి వచ్చి అక్కడే నిలబడుతుంది. పదో ల్యాప్‌లో మూడో ల్యాప్ ఎలా ఉందో అలాగే ఉంటుంది. గంటలకొద్దీ సాగే ఎండ్యూరెన్స్ రేసుల్లో అమెచ్యూర్ జట్లు ఏళ్ల తరబడి దీన్ని వాడింది అందుకే. ఒక్క ల్యాప్ టైము పోల్చిన పట్టికల్లో ఇది ఎప్పుడూ కిందనే ఉంటుంది, ఆ పట్టిక మాత్రమే చూసినవాడు దీన్ని కొనడు.

ఆర్‌ఈ-71ఆర్‌ఎస్ నేను వాడలేదు. వాడినవాళ్ల కార్లలో కూర్చున్నాను, అంతే. ఏ052కి దగ్గరగా వస్తుంది, దానికంటే కొంచెం ఎక్కువ సేపు నిలుస్తుంది, సైడ్‌వాల్ గట్టిగా ఉన్నట్టు అనిపించింది. ఆటోక్రాస్, ట్రాక్ డే రెండూ చేసేవాళ్లకి ఇది మధ్యే మార్గం.

మరి ఎవరి మాట నమ్మాలి? నా వరకు అన్నిటికంటే ముందు నమ్మేది, ఒకే కారు, ఒకే సైజు, ఒకే రోజు, ఒకే డ్రైవర్ చేసిన పరీక్ష. అందులోనూ మధ్యమధ్యలో మొదటి టైర్‌నే మళ్లీ బిగించి చూశారా లేదా అని వెతుకుతాను. ఎందుకంటే పొద్దున్న తొమ్మిదికి ట్రాక్ చల్లగా ఉంటుంది, మధ్యాహ్నం రెండుకి కాలుతూ ఉంటుంది, ఆ తేడా టైర్ల తేడాని మింగేస్తుంది. తర్వాత, మంచి ల్యాప్ ఒక్కటే రాశారా, వరుసగా ఎనిమిది పది ల్యాపుల టైములు ఇచ్చారా. వరుస ఇచ్చినవాళ్లు నిజం చెప్పాలనుకునేవాళ్లు.

దాని తర్వాత సొంత కొలతలు. వేడి కొలవడానికి దూరం నుంచి చూసే ఇన్‌ఫ్రారెడ్ గన్ కొనకండి, పిట్‌లోకి వచ్చేసరికి పైపొర చల్లారిపోయి తక్కువ చూపిస్తుంది. రబ్బరులోకి గుచ్చే సూది ఉన్నది కొనండి. లోపల, మధ్య, బయట మూడు చోట్ల గుచ్చి రాసుకోండి. గాలి కూడా అంతే, చల్లగా ఉన్నప్పటి లెక్క కాకుండా సెషన్ దిగగానే కొలవండి. గాలి సరిగా లేని మంచి టైర్ కంటే గాలి సరిగా ఉన్న మామూలు టైర్ మేలని నేను నాలుగు వేల డాలర్లు ఖర్చయ్యాక తెలుసుకున్నాను.

ఇంకోటి, తయారీ తేదీ. ఒకసారి ఒక షాపులో డిస్కౌంట్ అన్నారని సెట్టు కొనుక్కొచ్చాను, ఇంటికొచ్చి సైడ్‌వాల్ చూస్తే డాట్ అనే అక్షరాల వరుస చివర నాలుగంకెల్లో మొదటి రెండు వారం, చివరి రెండు సంవత్సరం, లెక్కేస్తే నాలుగేళ్ల సరుకు. బొటనవేలి గోరు గుచ్చితే కొత్త టైర్‌లో దిగాల్సినంత దిగలేదు. ఆ సెట్టు మీద వచ్చిన గ్రిప్ చూసి ఆ మోడల్‌నే తిట్టుకున్నాను, తప్పు మోడల్‌ది కాదు. పేరు ఒకటే అయినా లోపల తేడా ఉండటం ఇంకో చోట కూడా ఉంది. పోర్షే కోసం చేసిన కప్ 2 మీద ఎన్0, ఎన్1 లాంటి గుర్తులుంటాయి, బయట మార్కెట్ కప్ 2కీ దానికీ తేడా ఉంటుంది. ఒకరి రివ్యూ చదివేటప్పుడు వాళ్లది ఏ గుర్తో చూడండి.

హైదరాబాద్‌లో పోర్షే 718 కేమన్ ఉన్న స్నేహితుడు కూడా ఇదే అడిగాడు కానీ ఆయనకు నా జవాబు వేరు. అక్కడి నుంచి శ్రీపెరుంబుదూరు దగ్గరి మద్రాస్ ట్రాక్‌కి ఆరొందల కిలోమీటర్ల పైన. ఆ దూరమంతా అదే టైర్ల మీద నడిపి వెళ్లాలి, తిరిగి రావాలి, దారిలో నెల్లూరు దాటాక వాన పడితే నిలిచిన నీళ్లలో తక్కువ గాడులున్న టైర్ నీటి మీద తేలిపోతుంది. పైగా 2020 జూన్ నుంచి టైర్ల దిగుమతి మీద ఆంక్షలున్నాయి కాబట్టి కోరిన మోడల్ కోరిన సైజులో దొరకడం కష్టం. ఆయనకు పైలట్ స్పోర్ట్ 4ఎస్ చాలు, దొరికితే కప్ 2, అదీ వానాకాలం కాని రోజుల్లో.

బావకి ఆర్‌ఎస్4 చెప్పాను. ఏడాదికి ఆరు ట్రాక్ డేలు, ఆటోక్రాస్ లేదు, నేర్చుకునే దశ, ప్రతి ల్యాప్‌లో కారు ఒకేలా స్పందిస్తేనే తన తప్పేదో తనకి తెలుస్తుంది. ఆటోక్రాస్ మొదలుపెడితే వేరే రిమ్ముల మీద ఏ052 ఒక సెట్టు పెట్టుకోమన్నాను. నవంబర్ చలిలో పొద్దున్నే బయల్దేరేటప్పుడు మాత్రం ఏ సెట్టు ఉన్నా మొదటి పది మైళ్లు మెల్లగా పొమ్మని రెండుసార్లు చెప్పాను, చల్లటి రోడ్డు మీద ఈ రబ్బరు గట్టిపడిపోయి చెక్కలా ఉంటుంది. సూది థర్మామీటర్ ఈ వారమే ఆర్డర్ పెట్టాడు.